వసూలు వేధింపులు, వివాదాస్పద బిల్లులు : రుణగ్రహీతకు చట్టం కల్పించిన రక్షణలు

(ప్రత్యేక వ్యాసం)

అవసరానికి అప్పు చేయడం నేరం కాదు. చేసిన అప్పు తీర్చడం బాధ్యత. అయితే ఆ బాధ్యతను ఆసరాగా చేసుకొని రుణగ్రహీత ఇంటి ముందు బైఠాయించడానికి, ఇరుగుపొరుగు వారి ఎదుట దూషించడానికి, బంధుమిత్రులకు ఫోన్లు చేసి పరువు తీస్తామని బెదిరించడానికి ఏ చట్టమూ అనుమతి ఇవ్వలేదు. వాడని విద్యుత్తుకు, చేయని ఖర్చుకు బిల్లు వచ్చినప్పుడు దానిని మారుమాట లేకుండా చెల్లించవలసిన అగత్యమూ లేదు. ఈ రెండు సందర్భాలలోనూ సామాన్యునికి అండగా నిలిచే నిబంధనలు ఉన్నప్పటికీ, వాటిపై అవగాహన లేకపోవడం వల్ల అనేక కుటుంబాలు భయాందోళనలకు లోనవుతున్నాయి. ఆ నిబంధనలను, వాటిని వినియోగించుకొనే విధానాన్ని ఒకచోట తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు వేర్వేరు ప్రశ్నలు

వసూలుకు ఎవరైనా వచ్చినప్పుడు రుణగ్రహీత రెండు ప్రశ్నలను విడివిడిగా ఆలోచించాలి. అడుగుతున్న బాకీ నిజమైనదేనా, లెక్క సరైనదేనా అన్నది మొదటిది. వసూలు చేస్తున్న పద్ధతి చట్టబద్ధమైనదేనా అన్నది రెండవది. వేధించారన్న కారణంతో న్యాయమైన బాకీ రద్దు కాదు. బాకీ ఉన్నదన్న కారణంతో వేధింపు న్యాయమూ కాదు. చాలామంది ఈ రెండింటినీ కలిపివేసి, బాకీ ఉన్నాము కనుక మాట పడక తప్పదని మౌనంగా భరిస్తారు. వేధింపునకు బలం చేకూర్చేది ఆ మౌనమే.

తెలుగు నేలపై అనుభవాలు

వసూలు వేధింపుల తీవ్రతను ఉభయ తెలుగు రాష్ట్రాలు పలుమార్లు చవిచూశాయి. 2006లో కృష్ణా జిల్లాలో సూక్ష్మరుణ సంస్థల అధిక వడ్డీలపైన, వసూలు పద్ధతులపైన ఫిర్యాదులు వెల్లువెత్తగా జిల్లా యంత్రాంగం పలు శాఖలను మూయించింది. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారం వారం వాయిదాల ఒత్తిడి తట్టుకోలేక రుణగ్రహీతలు ఆత్మహత్యలకు పాల్పడిన ఉదంతాలు వెలుగు చూశాయి. ఆ నేపథ్యంలో రాష్ట్ర ప్రభుత్వం అదే సంవత్సరం అక్టోబరు 15న ఆర్డినెన్సు జారీ చేసింది. 2011లో అది చట్టరూపం దాల్చింది. సంస్థల రిజిస్ట్రేషన్ తప్పనిసరి కావడం, వడ్డీ అసలును మించరాదనడం, వాయిదాలు నెలకొకసారి మాత్రమే ఉండాలనడం, చెల్లింపులు గ్రామ పంచాయతీ కార్యాలయంలో గాని కలెక్టరు నిర్దేశించిన బహిరంగ స్థలంలో గాని జరగాలనడం ఆ చట్టంలోని ముఖ్యాంశాలు. రిజర్వు బ్యాంకు నియంత్రణలో ఉన్న బ్యాంకింగేతర ఆర్థిక సంస్థలకు ఈ చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. ఇటువంటి సంస్థలు పాటించవలసిన నియమాలను రిజర్వు బ్యాంకు నిర్దేశిస్తుంది.

2015 డిసెంబరులో విజయవాడలో కాల్‌మనీ వ్యాపారం బట్టబయలైంది. ఖాళీ చెక్కులపైన, ప్రాంసరీ నోట్లపైన సంతకాలు తీసుకొని, నూటికి నెలకు పది రూపాయలు, అంతకు మించి వడ్డీ గుంజిన వైనం నాడు సంచలనం కలిగించింది. నెలకు పది రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 120 శాతం. 2020 డిసెంబరులో హైదరాబాదు పరిసరాలలో రుణ యాప్‌ల వేధింపులకు కొందరు బలయ్యారు. పోలీసులు కాల్‌సెంటర్లపై దాడులు జరిపి పలువురిని అరెస్టు చేశారు. అప్పు ఇచ్చిన చోటు, ఇచ్చిన తీరు మారినప్పటికీ, ఈ అన్నింటిలోనూ రుణగ్రహీత పరువునే తాకట్టుగా భావించిన ధోరణి ఒక్కటే.

వసూలు ప్రతినిధికి ఉన్న హద్దులు

రుణ వసూలుకు దౌర్జన్యపరులను వినియోగించడాన్ని సుప్రీంకోర్టు 2007 ఫిబ్రవరిలో తీవ్రంగా ఆక్షేపించింది. చట్టం నిర్దేశించిన మార్గంలోనే వసూలు జరగాలని స్పష్టం చేసింది. దరిమిలా 2008 ఏప్రిల్ 24న రిజర్వు బ్యాంకు వసూలు ప్రతినిధుల నియామకంపై బ్యాంకులకు మార్గదర్శకాలు జారీ చేసింది. 2022 ఆగస్టు 12న జారీ చేసిన ఉత్తర్వులలో వీటిని మరింత కట్టుదిట్టం చేసింది. వీటి సారాంశం ఇది :

- ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తరువాత బాకీ వసూలు కోసం ఫోన్ చేయరాదు. సూక్ష్మరుణాల విషయంలో ఈ హద్దు ఉదయం 9 గంటలు, సాయంత్రం 6 గంటలు.
- మాటలతో గాని, చేతలతో గాని బెదిరించరాదు. బహిరంగంగా అవమానించరాదు. కుటుంబ సభ్యులు, స్నేహితులు, హామీదారుల ఏకాంతానికి భంగం కలిగించరాదు.
- పదేపదే ఫోన్లు చేయడం, అజ్ఞాత నంబర్ల నుంచి బెదిరింపు ఫోన్లు చేయడం, అసభ్య సందేశాలు పంపడం నిషిద్ధం.
- వసూలు బాధ్యతను బయటి వారికి అప్పగించినప్పటికీ, వారి ప్రవర్తనకు రుణం ఇచ్చిన సంస్థదే జవాబుదారీ.

సూక్ష్మరుణాలకు 2022 మార్చి 14న వేరుగా నిర్దేశాలు వెలువడ్డాయి. వాటి ప్రకారం ఇరుపక్షాలు అంగీకరించిన స్థలంలోనే వసూలు జరగాలి. రుణగ్రహీత వరుసగా రెండు సార్లు లేదా అంతకు మించి ఆ స్థలానికి రానప్పుడు మాత్రమే సిబ్బంది ఇంటికి గాని, పనిచేసే చోటికి గాని వెళ్లవచ్చు. బకాయిదారుల పేర్లు ప్రకటించడం, బంధువులను, సహోద్యోగులను వేధించడం ఈ నిర్దేశాల ప్రకారం నిషిద్ధం. సంఘంలో ఒక సభ్యురాలు వాయిదా కట్టలేదని మిగిలిన వారిని రాత్రి వరకు కూర్చోబెట్టే పద్ధతికి ఇందులో ఎక్కడా తావు లేదు.

వచ్చిన వ్యక్తిని ముందుగా గుర్తింపు కార్డు, సంస్థ ఇచ్చిన అధికార పత్రం చూపమని అడగాలి. అవి చూపని వ్యక్తితో బాకీ విషయం చర్చించనవసరం లేదు. డబ్బు చెల్లిస్తే వెంటనే రసీదు పొందాలి. ప్రతినిధి సొంత ఖాతాకు గాని, సొంత ఫోన్ నంబరుకు గాని డబ్బు పంపరాదు.

బాకీ లెక్క అడగడం హక్కు

అడిగిన మొత్తమే బాకీ అని భావించనవసరం లేదు. 2024 అక్టోబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే వ్యక్తిగత రుణాలకు, చిన్న వ్యాపార రుణాలకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వడం తప్పనిసరి అయింది. వార్షిక ఖర్చు ఎంత శాతం, ఏయే రుసుములు ఉన్నాయి, వసూలు విధానం ఏమిటి అన్న వివరాలు అందులో ఉండాలి. అందులో పేర్కొనని రుసుమును రుణగ్రహీత స్పష్టమైన అంగీకారం లేకుండా వసూలు చేయరాదు. వాయిదా తప్పినందుకు విధించే అపరాధ రుసుమును అసలులో కలిపి దానిపై మళ్లీ వడ్డీ లెక్కించరాదని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న ఆదేశించింది.

కనుక లెక్కపై అనుమానం ఉన్నవారు ఖాతా వివరాలు ఇవ్వవలసిందిగా రాతపూర్వకంగా కోరాలి. అసలు ఎంత, వడ్డీ ఎంత, రుసుములు ఎంత, ఇంతవరకు చెల్లించినది ఎంత అన్నవి విడివిడిగా రాబట్టాలి. న్యాయంగా తేలిన మొత్తాన్ని చెల్లిస్తూ, మిగిలిన దానిపై అభ్యంతరాన్ని అదే లేఖలో నమోదు చేయడం ఉత్తమం.

కాలపరిమితి విషయంలో జాగ్రత్త అవసరం. 1963 కాలపరిమితి చట్టం ప్రకారం సాధారణ రుణానికి, ప్రాంసరీ నోటు బాకీకి దావా గడువు మూడేళ్లు. ఆ గడువు లోపల బాకీని అంగీకరిస్తూ సంతకం చేసినా, నోటుపై చెల్లు రాసి సంతకం పెట్టినా గడువు మళ్లీ మొదలవుతుంది. గడువు తీరిన బాకీని సైతం చెల్లిస్తానని రాసి సంతకం చేస్తే అది కొత్త ఒప్పందంగా చెల్లుతుంది. అందువల్ల వసూలు ప్రతినిధి ముందుంచిన కాగితంపై చదవకుండా, ఒత్తిడికి లొంగి సంతకం చేయరాదు. సంతకం చేసి ఇచ్చిన ఖాళీ ప్రాంసరీ నోటును పూరించుకొనే అధికారం దానిని పొందిన వారికి చట్టరీత్యా లభిస్తుంది. కనుక ఖాళీ నోటు ఇవ్వడం అంటే లెక్కను ఎదుటివారి చేతికి అప్పగించడమే.

జైలు భయం – వాస్తవం

అప్పు కట్టకపోతే రేపే అరెస్టు చేయిస్తామని బెదిరించడం వసూలుదారులకు అలవాటు. అప్పు తీర్చలేకపోవడం సివిల్ వివాదం. పేదరికం వల్ల చెల్లించలేని వ్యక్తిని సివిల్ జైలులో పెట్టడం తగదని, చెల్లించగలిగి ఉండి దురుద్దేశంతో ఎగవేసిన సందర్భం వేరని సుప్రీంకోర్టు 1980లోనే స్పష్టం చేసింది. డబ్బు డిక్రీ అమలులో స్త్రీలను అరెస్టు చేయరాదని సివిల్ ప్రక్రియా స్మృతిలోని 56వ సెక్షను చెబుతోంది. డిక్రీ వచ్చిన తరువాత సైతం ధరించే బట్టలు, వంటపాత్రలు, పడకలు, చేతివృత్తుల పనిముట్లు, రైతు వ్యవసాయ పరికరాలు జప్తునకు అతీతమని 60వ సెక్షను రక్షణ కల్పిస్తోంది. మత సంప్రదాయం ప్రకారం స్త్రీ విడువరాని ఆభరణాలకూ ఈ రక్షణ వర్తిస్తుంది. కోర్టు ఉత్తర్వు లేకుండా ఇంట్లోని బిందెలు, మంచాలు, కుట్టుమిషన్లు ఎత్తుకుపోయే అధికారం ఏ వసూలుదారుకూ లేదు.

అయితే దీనికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉన్నది. బాకీ నిమిత్తం ఇచ్చిన చెక్కు నిధులు లేక తిరిగి వస్తే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద అది నేరం. చెక్కు తిరిగివచ్చిన సమాచారం అందిన 30 రోజులలోగా రుణదాత నోటీసు పంపాలి. నోటీసు అందిన 15 రోజులలో చెల్లిస్తే కేసు ఉండదు. లేనిచో రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా విధించే అవకాశం ఉన్నది. అందువల్ల అటువంటి నోటీసును, కోర్టు సమన్లను ఎట్టి పరిస్థితులలోనూ ఉపేక్షించరాదు. సమన్లు తీసుకోకుండా తప్పించుకుంటే ఏకపక్ష తీర్పు వచ్చే ప్రమాదం ఉన్నది.

రుణగ్రహీత మరణించిన ఇంట బాకీ అడిగే వారి విషయంలో కూడా చట్టం స్పష్టంగా ఉన్నది. హామీ సంతకం చేయని భార్య, బిడ్డలు సొంత సంపాదన నుంచి చెల్లించనవసరం లేదు. వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యులు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమన్న పాత సూత్రం ఆధారంగా దావా నడపడానికి, 2005 హిందూ వారసత్వ సవరణ చట్టం అమలులోకి వచ్చిన తరువాత చేసిన అప్పుల విషయంలో వీలు లేదు.

వివాదాస్పద విద్యుత్ బిల్లు

నెలకు సుమారు 800 రూపాయల బిల్లు వచ్చే ఇంటికి హఠాత్తుగా 14 వేల రూపాయల బిల్లు వచ్చిందనుకుందాం. మీటరు లోపమో, రీడింగు పొరపాటో తేలేలోగా సరఫరా నిలిపివేస్తారన్న భయంతో వినియోగదారుడు అప్పు చేసి మరీ కడతాడు. ఈ పరిస్థితికి 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షను పరిష్కారం చూపింది. బకాయి ఉన్నదని సరఫరా నిలిపివేయాలంటే 15 పూర్తి రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. వినియోగదారుడు తన అభ్యంతరాన్ని తెలుపుతూ, అడిగిన మొత్తం గాని, గత ఆరు నెలల సగటు ప్రకారం లెక్కించిన మొత్తం గాని, ఏది తక్కువైతే అది జమచేస్తే, వివాదం తేలేవరకు సరఫరా నిలిపివేయరాదు. పై ఉదాహరణలో 14 వేలకు బదులు 800 రూపాయలు జమచేసి వివాదం కొనసాగించవచ్చును.

ఈ చెల్లింపు చేసేటప్పుడు ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని లేఖ ఇచ్చి, నకలుపై అందినట్లు సంతకం, తేదీ తీసుకోవాలి. మీటరు పరీక్షకు దరఖాస్తు చేయాలి. పంపిణీ సంస్థ స్థాయిలో పరిష్కారం లభించనప్పుడు, అదే చట్టం 42వ సెక్షను కింద ఏర్పాటైన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికను, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చును. విద్యుత్ ఫిర్యాదులకు 1912 నంబరు అందుబాటులో ఉన్నది.

క్రెడిట్ కార్డు బిల్లు

చేయని కొనుగోలు బిల్లులో కనిపిస్తే వెంటనే బ్యాంకుకు తెలిపి ఫిర్యాదు సంఖ్య పొందాలి. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ 21 నాటి నిర్దేశాలలో ఈ విషయంలో కీలకమైన రక్షణలు కల్పించింది. బిల్లుపై అభ్యంతరం వచ్చినప్పుడు గరిష్ఠంగా 30 రోజులలో వివరణ, అవసరమైతే ఆధార పత్రాలు ఇవ్వాలని, మోసపూరితమని ఖాతాదారు వివాదం లేవనెత్తిన లావాదేవీపై అది తేలేవరకు రుసుములు విధించరాదని పేర్కొన్నది. అడగని కార్డు పంపి బిల్లు వేస్తే ఆ మొత్తాన్ని రద్దుచేయడమే కాక, దానికి రెట్టింపు సొమ్ము పరిహారంగా చెల్లించాలని ఆదేశించింది. బకాయి సమాచారాన్ని రుణ చరిత్ర సంస్థలకు పంపే ముందు కార్డుదారుకు ఏడు రోజుల నోటీసు ఇవ్వాలని కూడా నిర్దేశించింది.

రుణ చరిత్రలో తప్పు నమోదైతే సరిదిద్దమని కోరవచ్చును. 30 రోజులలో సరిదిద్దకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇచ్చే విధానం 2024 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. సంవత్సరానికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా పొందే వీలు ఉన్నది.

రుణ యాప్‌ల విషయంలో

2022 సెప్టెంబరు 2న జారీ చేసిన మార్గదర్శకాల ద్వారా రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణాలకు హద్దులు నిర్ణయించింది. 2025 మే 8న వాటిని ఏకీకృతం చేసింది. రుణం నేరుగా రుణగ్రహీత బ్యాంకు ఖాతాలోనే జమ కావాలి. యాప్‌లు ఫోన్‌లోని నంబర్ల పట్టికను, ఫొటోలను, కాల్ వివరాలను తీసుకోరాదు. వసూలు ప్రతినిధిని నియమిస్తే అతడు సంప్రదించే ముందే ఆ వివరాలు రుణగ్రహీతకు తెలియజేయాలి. ఏ బ్యాంకు లేదా ఆర్థిక సంస్థ తరఫున రుణం ఇస్తున్నదో చెప్పని యాప్‌కు దూరంగా ఉండాలి.

మార్పు చేసిన ఫొటోలతో బెదిరిస్తున్న సందర్భాలలో భయపడి మళ్లీ మళ్లీ డబ్బు పంపడం వల్ల వేధింపు ఆగదు, పెరుగుతుంది. సందేశాలు, నంబర్లు, చెల్లింపు వివరాలను ముందుగా భద్రపరచి, ఆ తరువాతనే యాప్‌ను తొలగించాలి. బంధుమిత్రులకు జరిగిన విషయం తామే ముందుగా చెప్పడం మంచిది. విషయం నలుగురికీ తెలిసిన తరువాత బెదిరించేవారి చేతిలో ఆయుధం మిగలదు. సైబర్ నేరాల సహాయ కేంద్రం నంబరు 1930.

ఫిర్యాదు ఎవరికి చేయాలి

ముందుగా రుణం ఇచ్చిన సంస్థలోని ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా తెలియజేయాలి. వచ్చిన వ్యక్తి పేరు, తేదీ, సమయం, అన్న మాటలు, సాక్షుల వివరాలు అందులో ఉండాలి. 30 రోజులలో జవాబు రాకపోయినా, జవాబు సంతృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు జాప్యం లేకుండా ఫిర్యాదు చేయవచ్చును. 2021 నవంబరు 12న ప్రారంభమైన సమీకృత విధానంలో బ్యాంకులకు, పలు ఆర్థిక సంస్థలకు సంబంధించిన ఫిర్యాదులను ఒకేచోట, ఎటువంటి రుసుము లేకుండా స్వీకరిస్తున్నారు. సమాచారానికి 14448 నంబరును సంప్రదించవచ్చును.

బెదిరింపు, దౌర్జన్యం జరిగినప్పుడు ఈ క్రమం కోసం వేచి ఉండనవసరం లేదు. నేరుగా పోలీసులను ఆశ్రయించాలి. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో నేరపూరిత బెదిరింపు 351వ సెక్షను, బలవంతపు వసూలు 308వ సెక్షను, స్త్రీ గౌరవాన్ని కించపరిచే మాటలు, చేష్టలు 79వ సెక్షను, ఆత్మహత్యకు ప్రేరేపించడం 108వ సెక్షను కింద శిక్షార్హమైన నేరాలు. నేరం జరిగిన ప్రాంతంతో నిమిత్తం లేకుండా ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చును. ఫిర్యాదు నమోదుకు నిరాకరిస్తే దానిని పోస్టు ద్వారా పోలీసు సూపరింటెండెంటుకు పంపవచ్చును. అత్యవసర పరిస్థితిలో 112 నంబరుకు, స్త్రీలు 181 నంబరుకు ఫోన్ చేయాలి.

న్యాయవాదిని నియమించుకొనే స్తోమత లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించాలి. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. దీనికి 15100 నంబరు పనిచేస్తున్నది. వినియోగదారుల సలహాలకు 1915 నంబరును సంప్రదించవచ్చును.

అప్పు నోటు నకలు, ప్రతి రసీదు, ప్రతి లేఖ ఒక సంచిలో భద్రపరచుకున్న రుణగ్రహీత మాటకు విలువ ఉంటుంది. వాయిదా కట్టలేని పరిస్థితి ఏర్పడినప్పుడు దాగి ఉండడం కన్నా ముందుగానే సంస్థకు రాసి గడువు కోరడం శ్రేయస్కరం. అన్నిటికన్నా ముఖ్యంగా, అప్పు విషయాన్ని ఇంటిల్లిపాదికీ చెప్పుకోవాలి. తీర్చలేని అప్పుకు కూడా చట్టంలో దారి ఉన్నది. పోయిన ప్రాణానికి దారి లేదు. వేధింపులతో మనసు కుంగినవారు, వారి కుటుంబ సభ్యులు టెలిమానస్ 14416 నంబరుకు రాత్రింబవళ్లు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చును. ఇరుగుపొరుగున ఇటువంటి వేధింపు జరుగుతున్నట్లు గమనించినవారు బాధితులకు ధైర్యం చెప్పి, పై నంబర్లను వారికి అందజేయవలసిందిగా విజ్ఞప్తి.